తొమ్మిదో బొమ్మ

"బొమ్మ అబద్ధం చెప్పదు. ఫుల్‌స్టాప్," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

స్టేషన్లో కానిస్టేబుళ్ళు చాటుగా ఆయనకి పెట్టుకున్న పేరు కూడా ఫుల్‌స్టాపే. మాటమాటకీ చివర అదొకటి తగిలించడం, కేసు ఏదైనా రెండో రోజు సాయంత్రానికల్లా మూసి పారేయడం ఆయన అలవాటు. మూసినవాటిలో చాలా భాగం సరిగ్గానే మూశాడు, అది ఒప్పుకుని తీరాలి. కాకపోతే వాటిలో మూడింటిని మళ్ళీ తెరిపించిన మనిషి ఇప్పుడు ఆయన బల్లకి ఇవతల కూర్చుని ఉంది. ఆమెకి ఆయన టీ చెప్పలేదు.

ఆమె ప్రైవేటు డిటెక్టివ్. నలభై ఒకటో ఏడు నడుస్తోంది. అందరూ డిటెక్టివ్ గారూ అని పిలుస్తారు. చిట్టీ అని పిలిచే మనిషి ఒక్కడే మిగిలాడు. ఆ ఒక్కడూ గోడకి అవతల లాకప్పులో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై మూడేళ్ళ ఫొటో స్టూడియో మాస్టారు. ఐదింటికి ఆయన్ని మేజిస్ట్రేటు ముందు పెడతారు. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది.

"ఆ బొమ్మ మళ్ళీ ఒకసారి చూపించండి," అంది.

ఇన్‌స్పెక్టరు కాగితం ఇటు తిప్పాడు. మాస్టారి ఎదురింటి స్నేహితుడు ప్లీడరు గారి ఆఫీసు గది. గాజు తలుపుల బీరువా, ఒక తలుపు బార్లా తెరిచి ఉంది. దాని ముందు నడుం దాకా మాస్టారు. తెల్ల జుట్టు, తెల్ల గడ్డం, మెడ నుంచి కిందిదాకా డార్క్‌రూములో కట్టుకునే నల్ల రబ్బరు అప్రాన్. సూటిగా కెమెరాలోకే, అదీ కోపంగా, చూస్తున్నాడు.

"నిన్న బుధవారం," ఇన్‌స్పెక్టరు వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. "మూడూ ఇరవైకి ప్లీడరు గారు భార్యతో మాట్లాడి మేడమీద ఆఫీసుకి వెళ్ళారు. మూడూ యాభైకి ఆవిడ టీ పట్టుకెళ్తే ఆయన నేలమీదున్నారు. తల వెనక దెబ్బ. ఇప్పటికీ స్పృహ రాలేదు. బీరువాలో ఓ అట్టపెట్టె మాయం. ఎదురుగా స్టాండు మీద ఆయన పాత మడత కెమెరా. అందులో ఫిల్ము కడిగించి స్కాన్ చేయించాను. చివరి బొమ్మ ఇదీ. ఇంకేం కావాలి?"

"అప్రాన్ కట్టుకుని రోడ్డు దాటి దొంగతనానికి వెళ్తారా ఎవరైనా?"

"మీ మాస్టారు ఆ అప్రాన్‌తోనే టీ కొట్టుకి వెళ్తాడు. పోస్టాఫీసుకి వెళ్తాడు. ఓసారి ఎవరి పెళ్ళికో కూడా వెళ్ళాడట. నలుగురు సాక్షులున్నారు."

ఆ పెళ్ళి ఆమెదే. అందుకని ఆ విషయం మీద ఇంకేమీ మాట్లాడలేదు. హ్యాండ్‌బ్యాగులోంచి భూతద్దం తీసి బొమ్మ మీద పెట్టింది.

"ఆయన మెడ మీద ఈ తెల్ల మరకేంటి?"

"గాజు తలుపు మెరుపు. ఫిల్ము కడిగిన ల్యాబతను అప్పుడే చెప్పాడు."

"మెరుపులో అంకెలుంటాయా? రెండు, ఒకటి, నాలుగు. ఇది ఫైలుకి అంటించిన చీటీ. మనిషి ముందు నిలబడితే వెనకున్న ఫైలు నంబరు మెడలోంచి ఎలా కనిపిస్తుందండీ?"

ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు. చూసి, మీసం సవరించుకున్నాడు. "అద్దం కదా. ఎక్కడిదో ఎక్కడో కనిపిస్తుంది."

"నాకీ స్కాన్ వద్దు. నెగటివ్ కావాలి."

ఆయన ఫైలు తెరిచాడు. నెగటివ్‌ల పట్టీ లోపలే ఉంది, అట్టకి స్టేప్లర్ పిన్నుతో కొట్టి మరీ. ఆమె చటుక్కున వంగి చూసింది. అదృష్టం బాగుండి పిన్ను అంచులో దిగింది. లాకప్పులో కూర్చున్నాయన ఇది చూసి ఉంటే, తనని అరెస్టు చేసినందుకు కాదు, ఈ పిన్నుకే ఇన్‌స్పెక్టరు గొంతు పట్టుకునేవాడు.

"నాలుగున్నర దాకా టైమిస్తున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "నెగటివ్ మాత్రం నా చెయ్యి దాటదు. మీతో నేనూ వస్తాను."

"ఆస్పత్రిలో ప్లీడరు గారి గదికి కాపలా పెట్టారా?"

"నేరస్థుడు లాకప్పులో ఉంటే కాపలా ఎవరి నుంచండీ?"

"కొట్టినవాడు బయటే ఉంటే? ఆయనకి స్పృహ వస్తే ముందు చెప్పేది వాడి పేరే. ఇంత చిన్న విషయం తట్టలేదా మీకు?"

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. టోపీ అందుకున్నాడు.

మాస్టారు ఆమెని చూడగానే ఊచల దాకా వచ్చాడు. "వచ్చావా చిట్టీ? ఏమన్నా తిన్నావా?"

లాకప్పులో ఉన్నది తానన్న సంగతి ఆయనకింకా తలకెక్కినట్టు లేదు. ఆమె తిన్నానని అబద్ధమాడింది.

ఆమెకి పదేళ్ళప్పుడు, ఆమె తల్లి మాస్టారి స్టూడియో ఊడ్చి తుడిచేది. ఒకరోజు మాస్టారి భార్య ఆ పిల్ల చేతిలో ఒక పాత కెమెరా పెట్టింది. నెలకో రోలు, రోలుకి పన్నెండు బొమ్మలు, పదమూడోది అడగొద్దంది. పన్నెండే ఉన్నాయి కనక ఆ పిల్ల నొక్కే ముందు చూడటం నేర్చుకుంది. ఎండ ఎటునుంచి పడుతోంది, నీడ ఎటు పోతోంది, మనిషి చెయ్యి ఎక్కడ పెట్టాడు. ఆ తరవాత పొట్టపోసుకున్నదంతా ఆ చూపుతోనే. ఆ ఆలుమగలకి పిల్లల్లేరు. ఆవిణ్ణి అత్తయ్యా అంది, ఆయన్ని మాస్టారూ అంది. వాళ్ళు పెట్టిన అన్నాన్నీ నేర్పిన పనినీ తలుచుకోని రోజు ఆమెకి లేదు. ఇవాళ మాత్రం ఆ తలపు పక్కన పెట్టింది. వేరే ముద్దాయిలని అడిగినట్టే అడిగింది.

"నిన్న మూడు నుంచి ఐదు దాకా ఎక్కడున్నారు?"

"డార్క్‌రూములో. ప్రింట్లు వేసుకుంటున్నా."

"చూసినవాళ్ళు?"

"చీకట్లో తలుపు బిగించుకుని చేసే పనికి సాక్షుల్ని ఎక్కణ్ణుంచి తేనే?"

"ఆదివారం ప్లీడరు గారితో గొడవపడ్డారట. వీధి చివరిదాకా వినబడిందట."

ఆయన తల దించుకున్నాడు. "పడ్డాను. మీ అత్తయ్య నెగటివ్‌ల పెట్టె తిరిగిచ్చెయ్యమన్నాను. వాడు ఇవ్వనన్నాడు."

అత్తయ్య పోయి ఆరేళ్ళయింది. ఆవిడ తీసిన బొమ్మలు ఈమధ్య ఎక్కడో దూరాన ఒక ప్రదర్శనలో ఇంకెవరి పేరుతోనో కనిపించాయి. ఎవరూ వినని పేరు. ఆ పేరు వెనకున్న మనిషిని పట్టుకుని కోర్టుకీడుస్తానని ప్లీడరు గారు పట్టుబట్టి, రుజువుగా పెట్టెని తన బీరువాలో పెట్టుకున్నాడు. నిన్న మాయమైంది ఆ పెట్టే.

"ఆ మనిషెవరో ప్లీడరు గారికి తెలిసిందా?"

"తెలిసిందన్నాడు. నోటీసు పంపాకే పేరు చెప్తానన్నాడు. నాకీ కోర్టులొద్దు చిట్టీ. మీ అత్తయ్య పేరు పదిమంది నోళ్ళలో నానడం నాకిష్టం లేదు. అందుకే అరిచాను. వాడూ అరిచాడు. చివరికి వాడే నవ్వేసి, కోపంలో నీ మొహం బాగుందిరా, నుంచో బొమ్మ తీస్తానన్నాడు."

ఆమె ఊచలు పట్టుకుంది. "తీశారా?"

"ఆఁ. డార్క్‌రూములోనే, నల్ల గుడ్డ ముందు నిలబెట్టి. వాడి సంగతి తెలుసుగా. ఒక్క బొమ్మకి పావుగంట."

"పెట్టె గురించి ఇంకెవరికి తెలుసు?"

"అది ఇల్లు దాటిందే రెండుసార్లు. ఆవిడ పోయిన ఏడు స్కాన్ చేయించాను, మళ్ళీ ఇప్పుడు వీడికిచ్చాను. అయినా చిట్టీ, భలే అడుగుతున్నావే. ఎదురుగా నేనున్నానని ఏమాత్రం జాలి చూపట్లేదు," అన్నాడు మాస్టారు గర్వంగా.

కానీ ఆమె అప్పటికే మెట్ల దగ్గరుంది. నల్ల గుడ్డ ముందు తీసిన బొమ్మ ఒకటుందన్న మాట తప్ప మిగతాదేదీ ఆమె చెవిలో పడలేదు.

ప్లీడరు గారి ఇంటికి చేరేసరికి మూడుంబావు. ప్లీడరు గారి భార్య తాళాలతో గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. ఆవిడ వెనకాల దుప్పటి, తువ్వాళ్ళు మూట కడుతున్నాడు ఒక మనిషి. నలభై అయిదేళ్ళుంటాయి. మెత్తటి మాట, మెడలో నల్ల తాడుకి వేలాడుతున్న బుల్లి భూతద్దం. ఆదివారాలు మాస్టారి డార్క్‌రూములో చేరే పదకొండు మంది ఫిల్ము పిచ్చివాళ్ళలో ఇతనొకడు. చుట్టుపక్కల ఫిల్ము కడిగి స్కాన్ చేసే ల్యాబు కూడా ఇతనిదొక్కటే. నిన్న ప్లీడరు గారి ఫిల్ము కడిగింది ఇతనే, ఇన్‌స్పెక్టరు పక్కన నిలబడి చూస్తుండగా.

"మీరందరూ లేకపోతే ఏమైపోయేదాన్నో," అంది ప్లీడరు గారి భార్య డిటెక్టివ్ చెయ్యి పట్టుకుని. "గది ముందు ఇన్‌స్పెక్టరు గారు ఓ కానిస్టేబుల్ని కూర్చోబెట్టారు, ఇందాకే వచ్చాడు. ఇక ఈ తమ్ముడైతే నిన్నటి నుంచీ కంటిమీద కునుకు లేకుండా ఆయన పక్కనే ఉన్నాడు. తోడబుట్టినవాళ్ళు ఫోన్లో పలకరించి ఊరుకున్నారు."

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు వంక చూసింది. ఆయన ఇంటి కప్పు వంక చూస్తున్నాడు.

"థాంక్సండీ," అంది మనస్ఫూర్తిగా.

"మీరు చెప్పారని కాదు," అన్నాడాయన. "ఫుల్‌స్టాప్."

ల్యాబతని చూపు ఇన్‌స్పెక్టరు చేతిలోని పట్టీ మీద పడింది. "అయ్యయ్యో, నెగటివ్‌కి పిన్ను కొట్టారా సార్! ఇలా ఇవ్వండి. శుభ్రం చేసి, ఇంకా పెద్దగా స్కాన్ చేసి గంటలో పట్టుకొస్తాను." తెల్లటి నూలు గ్లవ్స్ కూడా జేబులోంచి తీసి తొడుక్కున్నాడు పాపం.

ఇన్‌స్పెక్టరు చెయ్యి చాచాడు. డిటెక్టివ్ మధ్యలోకి వచ్చింది. ప్రింటు కళ్ళారా చూసేదాకా నెగటివ్ ఇంకొకరి చేతికివ్వకు అని అత్తయ్య చెప్పిన మాట, అంతే. అనుమానం లాంటిదేమీ ఆమెకి లేదు.

"మీకెందుకండీ శ్రమ, నిన్నటి నుంచీ నిద్ర లేదంటున్నారు. ప్రింటు నేనే వేసుకుంటాను. మాస్టారి ఎన్‌లార్జరు ఉందిగా."

"ఈ రోజుల్లో చేత్తో ప్రింటా?" నవ్వాడతను. "సరే, మీ ఇష్టం. అక్కా, నువ్వో గంట పడుకో. నేను వెళ్ళి బావగారి దగ్గర కూర్చుంటా." మూట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

మేడమీద గదిలో ఆమె ముందు నేల చూసింది. స్టాండు మూడు కాళ్ళ గుర్తులు తివాచీ మీద లోతుగా పడి ఉన్నాయి, బీరువాకి సరిగ్గా ఆరడుగుల దూరంలో. బల్ల కిందికి పాకి, నల్లటి సన్నటి వైరు ఒకటి బయటికి లాగింది. చివర నొక్కే బొత్తాం ఉంది.

"మా వాళ్ళకి అది కనబడలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"కెమెరా కదలకుండా దూరం నుంచి నొక్కే వైరు ఇది. అంటే ఆయన నొక్కారు." సొరుగు లాగింది. అరచేతిలో పట్టేంత నోటుపుస్తకం. "ఇదెందుకు తీసుకెళ్ళలేదు మీరు?"

"అదేదో అంకెల గోల."

"ఈ అంకెలకి చేతులెత్తి దండం పెట్టాలి." చివరి పేజీ తెరిచి పైకి చదివింది. "ఎనిమిది. ఆదివారం పదకొండు గంటలు. మాస్టారు, కోపంగా. నల్ల గుడ్డ. తొమ్మిది. బుధవారం మూడూ నలభై. బీరువా గాజు మీద ఎండ. అర సెకను." పుస్తకం మూసింది. "నొక్కే ముందే తొమ్మిది అని రాసి పెట్టుకున్నారు. మీ పట్టీలో ఎన్నున్నాయి?"

ఇన్‌స్పెక్టరు పట్టీని కిటికీకి ఎత్తి పట్టుకుని వేలితో లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "ఎనిమిది."

"పిన్నిగారూ," అని పిలిచింది డిటెక్టివ్, "బాబాయిగారి కెమెరాలో బొమ్మ తీశాక ఏం చెయ్యాలి?"

"వెనక ఎర్ర కిటికీలో తరవాతి అంకె వచ్చేదాకా మర తిప్పాలి," అంది ఆవిడ. "ఆయన తిప్పరు. ముప్పై ఏళ్ళుగా చెబుతున్నా, మర్చిపోతారు. తిప్పకుండా నొక్కితే ఒకదాని మీద ఒకటి పడిపోతుందట. మా పెళ్ళిరోజు బొమ్మలో నా నెత్తి మీంచి రైలు వెళ్తుంటుంది." నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇన్‌స్పెక్టరుకి విషయం అర్థమైంది. కానీ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "తొమ్మిదోది తియ్యబోతుంటే దెబ్బ తగిలింది. ఎనిమిదోది మాస్టారి బొమ్మ. అదే ఇది."

"అయితే నల్ల గుడ్డేది? బీరువా ఎలా వచ్చింది?"

"ఆదివారం ఇక్కడే తీశాడేమో. డార్క్‌రూములో అని ఇందులో రాయలేదుగా!"

ఆమె గడియారం చూసుకుంది. మూడూ ముప్పై ఆరు. "నాలుగు నిమిషాలు ఆగుదాం."

ఆగారు. కుడివైపు కిటికీలోంచి ఎండ జరుగుతూ వచ్చి, మూడూ నలభైకి బీరువా మీద ఏటవాలుగా పరుచుకుంది. అచ్చం స్కాన్‌లో ఉన్న ఎండే. ప్లీడరు గారు ఈ ఎండ కోసం రోజూ ఎదురుచూసేవారని వెనకనుంచి ఆవిడ చెప్పింది.

"పొద్దున్న పదకొండింటికి ఈ కిటికీలోకి ఎండ వస్తుందా పిన్నిగారూ?"

"భోజనాలయ్యేదాకా రాదమ్మా."

"బీరువా మీద ఎండ కుడినుంచి. మాస్టారి మొహం మీద వెలుతురు ఎడమనుంచి," డిటెక్టివ్ స్కాన్ కాగితం ఇన్‌స్పెక్టరు చేతిలో పెట్టింది. "ఒకే గదికి ఒకే క్షణంలో ఇద్దరు సూర్యులుంటే, మాస్టారు ఇక్కడున్నట్టే."

ఇన్‌స్పెక్టరు కాగితాన్నీ బీరువానీ మార్చి మార్చి చూశాడు. ఫుల్‌స్టాప్ అనడం మర్చిపోయాడు.

"సరే," అన్నాడు చివరికి. "బొమ్మ పక్కన పెడదాం. గొడవపడింది ఆయన. పెట్టె కావాల్సింది ఆయనకి. నిన్న మూడింటి నుంచి ఎక్కడున్నాడో చూసినవాళ్ళు లేరు. ఇంకో మనిషిని చూపించండి, వదిలేస్తాను. లేకపోతే ఐదింటికి మేజిస్ట్రేటు."

"ఇంకో మనిషి బొమ్మలోనే ఉన్నాడు. గాజు మీద ఎండ తియ్యాలనుకున్నవాడు తలుపు మూసి తీస్తాడు. ఇందులో తెరిచి ఉంది. అంటే ఆయన నొక్కేసరికే ఎవరో తెరిచారు. ఆయన పక్క గదిలోంచి వచ్చి చూసి ఉంటారు. కేక వెయ్యడానికి బదులు, చేతికందిన వైరు నొక్కారు. కింది అరలో చెయ్యి పెట్టినవాడు ఆ చప్పుడు విన్నాడు."

"కింది అరేది? ఇక్కడంతా అప్రానేగా. కారు నలుపు."

"నల్లటిది ఫిల్ము మీద ఏమీ ముద్ర వెయ్యదండీ. ఆదివారం అక్కడ ఏమీ పడలేదు. కాబట్టి బుధవారం పడినది అక్కడే ఉండాలి. స్కాన్‌లో ఆ నలుపుని బిగించేశారు, లోపలిది కనబడకుండా ముదరబెట్టారు. మాస్టారిని తీసుకురండి."

"ముద్దాయి చేత ప్రింటు వేయిస్తానా? ఆయన కుర్చీలో కూర్చుంటాడు. దేన్నీ ముట్టుకోడు. వేస్తే మీరే వెయ్యాలి."

నాలుగూ పదికి డార్క్‌రూము తలుపు బిగించారు. ఎర్ర లైటు వెలిగింది. మూడు తొట్టెలు వరసగా ఉన్నాయి. మొదటిదాంట్లో బొమ్మ తేలుతుంది, రెండోదాంట్లో ఆగుతుంది, మూడోదాంట్లో నిలుస్తుంది. మూడోదాని దాకా చేరకుండా తెల్ల లైటు వేస్తే కాగితం పాడైపోతుంది. ఆ సంగతి తెలియక ఇన్‌స్పెక్టరు స్విచ్చు మీదకి చెయ్యి పోనిచ్చి, మాస్టారి చేత చీవాట్లు తిన్నాడు. ముద్దాయి చేత చీవాట్లు తినడం ఆయన ఉద్యోగంలో అదే మొదలు.

ఆమె నెగటివ్‌ని ఎన్‌లార్జరులో, అంటే బొమ్మని పెద్దది చేసి కాగితం మీద వేసే యంత్రంలో, పెట్టింది. పన్నెండేళ్ళయింది ఆ పని చేసి. సరిగ్గా కూర్చోక రెండుసార్లు తీసి పెట్టింది.

"ఊపిరి పీల్చుకో," అన్నాడు మాస్టారు కుర్చీలోంచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని. "మెత్త కాగితం తియ్యి, నలుపుని బిగించనిది. రెండో అరలో ఉంది. ఇరవై సెకన్లు వెయ్యి."

మొదటి ప్రింటులో అప్రాన్ మళ్ళీ కారు నలుపే. నాలుగూ ఇరవై రెండు.

"ఇంకోటి. ఆరు సెకన్లవగానే అప్రాన్‌కి అట్ట అడ్డం పెట్టు. మిగతాది ఇంకో పద్నాలుగు సెకన్లు వెలుతురు తాగనీ. అట్ట ఆపకు, ఊపుతూ ఉండు. మీ అత్తయ్య ఎలా ఊపేదో గుర్తుందా?"

గుర్తుంది. తీగ చివర గుండ్రటి అట్ట. ఆ అట్ట మీద అత్తయ్య చేత్తో రాసిన అంకెలింకా ఉన్నాయి. ఆమె లెక్కపెట్టుకుంటూ ఊపింది. కళ్ళు మసకబారాయి గానీ లెక్క తప్పలేదు. ఈ ఇంట్లో నేర్చుకున్న పని ఈ ఇంటాయనకే అక్కరకొస్తోందన్న ఆనందం, భయం మధ్యలోంచే ఆమెని కమ్మేసింది.

కాగితం మొదటి తొట్టెలో మునిగింది. ముందు మాస్టారి గడ్డం తేలింది. తరవాత బీరువా తలుపు. మెడమీద రెండు వందల పద్నాలుగు. ఆ తరవాత, అప్రాన్ ఉండాల్సిన చోట, బూడిద రంగులో ఇంకో ఆకారం నెమ్మదిగా పైకొచ్చింది. మోకాళ్ళ మీద వంగిన మనిషి. తెల్ల గ్లవ్స్ తొడిగిన చేతుల్లో అట్టపెట్టె. మెడలోంచి తాడు కిందికి వేలాడుతోంది, దాని చివర బుల్లి భూతద్దం. చప్పుడుకి బిత్తరపోయి కదలకుండా నిలిచిన మొహం, నేరుగా కెమెరా వైపు తిరిగి ఉంది.

"వీడా!" అన్నాడు మాస్టారు.

ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ పోయిన ఏడు స్కాన్ చేయించాను. లాకప్పులో ఆయన చెప్పనే చెప్పాడు. స్కాన్ చేసే ల్యాబు ఇతనిదొక్కటే, అత్తయ్య బొమ్మలు ఇంకో పేరుతో ప్రదర్శనకెక్కింది ఆ స్కాన్ల నుంచే. ఊచలకి అవతల నిలబడి వినిపించుకోనిది తనే.

"ల్యాబు!" ఇన్‌స్పెక్టరు తొట్టె మీదకి వంగాడు. "నా పక్కనే నిలబడి స్కాన్ చేశాడు. నా కళ్ళ ముందే నలుపు బిగించి, గాజు మెరుపని నాకే చెప్పాడు."

అప్పుడే బల్ల మీద ఆమె ఫోను మోగింది. మాస్టారు వెంటనే, ఫోను వెలుతురు పడకుండా కాగితాల పెట్టె మూత నొక్కి పట్టుకోమని కేకేశాడు. ప్లీడరు గారి భార్య. ఫోన్లో ఆవిడ గొంతు నిండా సంతోషం.

"అమ్మా, ఆయన కళ్ళు తెరిచారట! తమ్ముడు ఫోన్ చేశాడు. నేను బయల్దేరతానంటే, కంగారు పడకక్కా, నిదానంగా రా, నేనున్నాగా అన్నాడు. మీ అందరి మేలూ ఈ జన్మకి మర్చిపోలేనమ్మా. ఆ తమ్ముడి ఋణం ఎలా తీర్చుకోవాలో..."

ఆమె ఫోను పెట్టేసింది. ఇన్‌స్పెక్టరు అప్పటికే తన ఫోన్లో కానిస్టేబుల్ని పట్టుకున్నాడు. "ఎక్కడున్నావ్?"

"కింద క్యాంటీన్లో సార్. ల్యాబు సారు పాపం, ఇందాకట్నుంచీ కూర్చున్నావు, టీ తాగి రా అని..."

"పైకి పరిగెత్తు! ఫోను పెట్టెయ్యకు!"

డిటెక్టివ్ తలుపు గడియ మీద చెయ్యి వేసి ఆగింది. తెరిస్తే వెలుతురు పడుతుంది. తొట్టెలో కాగితం క్షణక్షణానికీ నల్లబడుతోంది. ఇంకో అరనిమిషం పోతే ఆ మొహం మళ్ళీ అప్రాన్‌లో కలిసిపోతుంది. ఈ ప్రింటు పోతే మాస్టారికి ఐదింటికి మేజిస్ట్రేటే. ఆగి దీన్ని నిలబెడితే, అక్కడ ఆయన స్నేహితుడికి ఎన్ని నిమిషాలున్నాయో తెలియదు.

కుర్చీ కిర్రుమంది. మాస్టారు లేచాడు. పట్టకారుతో కాగితం పైకెత్తి, రెండో తొట్టెలో ముంచాడు. ఇన్‌స్పెక్టరు చూశాడు. ముట్టుకోవద్దని అనలేదు. పైగా టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"పెద్దాయనా," అన్నాడు, "దాన్ని కాపాడండి."

మాస్టారు కాగితాన్ని మూడో తొట్టెలోకి జార్చి, దానిమీద తన నల్ల అప్రాన్‌ని గొడుగులా పట్టుకున్నాడు. "దీని సంగతి నేను చూసుకుంటా చిట్టీ. వాడు నా స్నేహితుడు. తలుపు తియ్యి, వెళ్ళు."

ఆమె వంగి ఆయన తడి చేతిని ఒక్కసారి కళ్ళకద్దుకుంది. తలుపు తీసింది.

ఇద్దరూ మెట్లమీద ఉండగా ఇన్‌స్పెక్టరు చేతిలో ఫోను మళ్ళీ పలికింది. కానిస్టేబులు ఆయాసంతో రొప్పుతున్నాడు.

"సార్, గది ముందున్నాను. లోపల గడియ పెట్టుంది సార్. పిలిస్తే పలకట్లేదు."

"బద్దలుకొట్టు!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు.

ఫోన్లోంచి మొదటి దెబ్బ చప్పుడు వినబడింది. తలుపు ఊడలేదు. దాని వెనకనుంచి, బలహీనంగా, ప్లీడరు గారి గొంతు ల్యాబతన్ని పేరు పెట్టి పిలిచి, సగంలో ఆగిపోయింది.